ఎడమ అంచున జానెడు సందు

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మే అవసరం రాలేదు. అబద్ధం చెప్పడానికి నాకు దయ్యాల సాయం అక్కర్లేదని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు.

వనపర్తిలో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. మా స్టాఫ్‌రూములో నా మాటలకు ఒక తరుగు పట్టిక ఉంది. నేను పదిమంది వచ్చారంటే ఇద్దరు వచ్చినట్టు. పాము కనిపించిందంటే వానపాము. ప్రాణం పోయేంత జ్వరమంటే రెండు తుమ్ములు.

అందుకే ఇది రాయడానికి ఏడాది తటపటాయించాను. అబద్ధం చెప్పి నవ్వించడం నాకు అలవాటే కానీ, నిజం చెప్పి నవ్వులపాలు కావడం కొత్త. కాబట్టి ముందే ఒక ఒప్పందం చేసుకుందాం. సూది పొడవు, వరండా పొడవు, నా ధైర్యం పొడవు, వీటిని నేను పెంచే ఉంటాను, మీరు తగ్గించుకొని చదవండి. సమయం, మనుషులు, కొలత. ఈ మూడింటిని మాత్రం ముట్టుకోలేదు.

నేను పుట్టింది గద్వాలలో, మగ్గం గుంట పక్కన. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగితే మెలకువ వచ్చే ఇల్లు మాది. ఇప్పుడు ఆ మగ్గం మీద మా పద్మ వదిన, అంటే మా అన్న భార్య, నేస్తుంది. మా దిక్కు చీర సంగతి తెలియని వాళ్లకు ఒక్క మాట చెప్పాలి. చీర ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ తర్వాత కుట్టరు. నేసేటప్పుడే, పోగు పోగుకూ, నూలును పట్టుకు మెలేసి పట్టిస్తారు. ఒక్క చోట మెలిక మరిచిపోతే అక్కడ సందు పడుతుంది. చీర అక్కడే ఉంటుంది, అంచూ అక్కడే ఉంటుంది, మధ్యలోంచి వేలు దూరుతుంది. నేతగాళ్లకు అంతకు మించిన తలవంపు లేదు. ముప్పై ఏళ్లలో వదిన చేతిలో అలాంటి సందు ఒక్కటీ పడలేదు.

అటువంటి మనిషి మీద నేను జోకు వేశాను.

మూడేళ్ల కింద ఒక నిశ్చితార్థంలో, ఆడవాళ్ల మధ్య కూర్చొని, వదిన నేసిన చీర కట్టుకొని నేను బస్టాండుకు పోతే అంచు ముందు బస్సెక్కిందని, చీర వెనక బస్సులో వచ్చిందని చెప్పాను. అసలు జరిగిందేమిటంటే, నా గాజుకు తగిలి కొంగు మూలన గోరంత పోగు లేచింది. గోరును నేను బస్సు చేశాను. అందరూ పొట్టలు పట్టుకొని నవ్వారు. వారం తిరక్కుండా ఆ జోకు గద్వాలలో మా గల్లీకి చేరింది. నీళ్ల దగ్గర, కిరాణా కొట్టు దగ్గర వదిన కనపడితే చాలు, "పద్మక్కా, అంచు బస్సు దిగిందా?" అని అడగడం మొదలుపెట్టారట.

వదిన ఒక్కసారే ఫోన్ చేసింది. "నా చేతిని నలుగుర్ల నవ్వులపాలు జేసినవ్ సుజాతా. ఇగ నీతోని నాకు మాటల్లేవ్."

అన్నట్టే చేసింది. పండగకు పోతే అన్నం పెట్టేది, బొట్టు పెట్టేది, ఒక్క మాట పెట్టేది కాదు. నేను నాలుగుసార్లు తప్పు ఒప్పుకున్నాను. ఆ నాలుగుసార్లూ మధ్యలో ఒక జోకు దొర్లింది. నా బతుకే అంత.

ఇక అసలు సంగతి. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. అన్నిటినీ పెంచి చెప్పే నేను దీన్నొక్కదాన్నే తగ్గించి చెప్పాను. మా ఆయనతో కందిగింజంత అన్నాను. నిజానికి రేగుపండంత ఉంది. కందిగింజ అని మూడు నెలలు మభ్యపెట్టి, చివరికి పరీక్షలు చేయించుకుంటే క్యాన్సరన్నారు. రొమ్ము మొత్తం తీసేయాలన్నారు.

గద్వాలకు చెప్పలేదు. అన్నకు బీపీ ఉంది. వదినకేమో నాతో మాటల్లేవు. మాటల్లేని మనిషికి ఇలాంటి మాట ఎలా చెబుతాం? హైదరాబాదులో పది రోజుల ట్రైనింగు ఉందని అన్నకు ఫోన్‌లో చెప్పి, నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో చేరాను.

దవాఖాన వరండా మా గద్వాల నుంచి రాయచూరు దాకా ఉంటుంది. వార్డులో నా పక్క మంచం ఎల్లమ్మది. ధరూర్ దిక్కు మనిషి, పత్తి ఏరడానికి, నాట్లకు పోతుంది. నాకంటే నాలుగు రోజుల ముందు అదే ఆపరేషన్ అయింది. పక్కలోంచి సన్నటి గొట్టం వచ్చి ఒక చిన్న డబ్బాలో పడుతుంది, లోపలి నీరు పోవడానికి. ఆ డబ్బా పెట్టుకోవడానికి పాత చీర గుడ్డలతో కుట్టిన సంచి ఒకటి ఇస్తారు, మెళ్లో వేసుకోవడానికి. ఎల్లమ్మ దాన్ని నాకు నగ చూపించినట్టు చూపించింది.

"జూడు టీచరమ్మా, ఎంత మంచిగున్నదో. ఇంటికి వొయినంక గూడ దీన్ని ఇయ్య. సెల్లు పెట్టుకుంట."

ఆ వార్డు సిస్టర్ రూతమ్మ. ఆమె దగ్గర ఒక గుడ్డబొమ్మ ఉంది. కోత ఎక్కడ, గొట్టం ఎక్కడ, చెయ్యి ఎంతవరకు లేపాలి, అన్నీ ఆ బొమ్మ మీద చూపించేది. ముందురోజు సాయంత్రం మంచం అంచున కూర్చొని నా చెయ్యి పట్టుకుంది. "ఏడ్వాల్నని ఉంటె ఇప్పుడే ఏడ్వమ్మా. రేపు లోపల అందరం మాస్కులు వెట్టుకుంటం, నువ్వు ఏడుస్తున్నవో నవ్వుతున్నవో నాకు తెల్వదు" అంది. నేను ఏడవలేదు. జోకు వేశాను. ఆమె నవ్వకుండా చెయ్యి అలాగే పట్టుకొని కూర్చుంది. ఆ నవ్వకపోవడమే నాకు ఆ దవాఖానలో దొరికిన మొదటి మందు.

మరునాడు గురువారం. ఆరింటికి స్నానం చేయించి, వెనక తాళ్లున్న ఆకుపచ్చ గౌను వేశారు. ఏడింటికి ఒక చిన్న మాత్ర ఇచ్చారు. ఈ మాత్ర సంగతి దాచను. మత్తు రాదు గానీ మనసు కుదుటపడుతుందన్నారు. నా మనసు మాత్రం కుదుట పడలేదు, వరండా వెంట పరిగెత్తింది.

లోపలికి తీసుకుపోయే ముందు తలను రెండు జడలు వేయాలట. సిస్టర్ చూసి, "మీ దిక్కు ఆడమనిషి ఎవ్వరు రాలేదా అమ్మా?" అని అడిగింది. ఎవరూ రాలేదు. మా ఆయన నేను వేస్తానని ముందుకొచ్చాడు. ఆయన పేనినది జడ కాదు, ఎద్దును కట్టేసే పలుపు. ఇంతలో ఏదో సంతకానికి ఆయన్ను కిందికి పిలిచారు. సిస్టర్ ఇంకో మంచం దగ్గరికి పోయింది.

నేను మంచం దిగాను. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. ఒక కాలు చెప్పులో పెట్టాను. ఇది పెంచి చెబుతున్నది కాదు, నేను పారిపోవడానికే దిగాను. గౌను మీద చీర చుట్టుకొని, ఆటో ఎక్కి, వనపర్తి బస్సు పట్టుకుందామనుకున్నాను. రేగుపండు రేగుపండుగానే ఉండనీ అనుకున్నాను. గోడ గడియారంలో ఎనిమిదీ అయిదు.

అప్పుడు వెనక నుంచి నా జుట్టు ఎవరో చేతిలోకి తీసుకున్నారు.

సిస్టరనుకున్నాను. మెల్లగా చిక్కు తీసి, పాయలు చేసి, అల్లడం మొదలుపెట్టారు. రెండో జడ సగంలో ఉండగా ఆ చెయ్యి నా చెంపకు తగిలింది. బొటనవేలి పక్కన కాయ కాచిన గట్టి చర్మం. మగ్గం మీద ముప్పై ఏళ్లు కూర్చుంటే కాసే కాయ అది. మా అమ్మ చేతికీ ఉండేది.

తిరిగి చూశాను. పద్మ వదిన.

అరిచానో లేదో గుర్తు లేదు. ఆమె నా ముందుకు వచ్చి, వంగి, నా కాలికున్న చెప్పు తీసి మంచం కిందికి తోసింది. ఆమె ముక్కుకు రెండు పక్కలా ఉన్న పుడకలు మెరిశాయి. మూడేళ్ల తర్వాత నాతో మాట్లాడింది.

"అంచు నేను వట్టుకుంట. నువ్వు లోపలికి వో."

అంతే. నేను ఆమె చీర పట్టుకొని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. తల ఎత్తేసరికి సిస్టర్ నా తలకు టోపీ పెడుతోంది, స్ట్రెచర్ వచ్చి ఉంది. వదిన తలుపు దగ్గర ఎక్కడో ఉండి ఉంటుందనుకొని ధైర్యంగా పోయాను. ఆ ధైర్యం పొడవు మాత్రం మీరు తగ్గించుకోనక్కర్లేదు.

సాయంత్రం మెలకువ రాగానే నేనడిగిన మొదటి మాట, "వదిన ఏది?"

"ఏ వదిన?" అన్నాడు మా ఆయన.

మత్తు ఇంకా దిగలేదనుకున్నారు. మరునాడు కూడా అదే అడిగేసరికి విచారణ మొదలైంది. వార్డులోకి బయటివాళ్లను పదింటికి గానీ వదలరు. ఒక రోగికి ఒకటే పాసు, అది మా ఆయన జేబులోనే ఉంది. సిస్టర్ ఎవరినీ చూడలేదు. మరి జడలు ఎవరు వేశారని అడిగాను. "మీ సారు ఏసిండనుకున్న" అంది సిస్టర్. మా ఆయన మొహం వేలాడేసి, "నేను పైకొచ్చేసరికే టోపీ పెట్టేసిండ్రు. సిస్టర్ ఏసిందనుకున్న" అన్నాడు.

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. నేను ఇద్దరి వైపు చూశాను.

అప్పుడు ఎల్లమ్మ కల్పించుకుంది. "నేను జూసిన గద. పొట్టిగ ఉన్నది, ముక్కుకు రెండు దిక్కుల పుడకలు. నీ కాలికాడ వంగింది. నీ అక్కనేమో అనుకున్న."

నా ప్రాణం లేచొచ్చింది. సెల్‌ఫోన్‌లో వదిన ఫొటో తీసి చూపించాను. "గీమెనే" అంది. జడల చివర్లు దేనితో కట్టారని అడిగితే నీలం నూలు దారమంది. నాకేమో పచ్చదారం అని గుర్తు. సిస్టరేమో తెల్లటి గాజుగుడ్డ పీలికలు, టోపీ పెడుతూ తానే కట్టానంది. జడలు అప్పటికే విప్పేశారు. దారమో పీలికో ఏదైనా సరే, చెత్తబుట్టలో పోయింది. నా జన్మలో నేను పెంచకుండా చెప్పిన ఒకే ఒక్క సంగతికి ఉన్న సాక్ష్యాన్ని ఊడ్చేశారు.

ఎల్లమ్మ సాక్ష్యానికీ ఒక చిక్కుంది. ముందురోజు సాయంత్రమంతా నేను ఆమెకు వదిన గురించి చెబుతూనే ఉన్నాను, ముక్కుపుడకలతో సహా. పైగా కబుర్లలో ఎల్లమ్మ నాకంటే రెండు జానలు ఎత్తు. తన గడ్డను తీస్తే డాక్టరుకు రెండు చేతులు చాల్లేదని వార్డంతా చెప్పింది.

మాత్ర వల్లే అలా అనిపించి ఉంటుందని నేనే తేల్చుకున్నాను. సంచి మెళ్లో వేసుకొని ఇంటికి వచ్చాను. రెండో ఆదివారం, అంటే ఆపరేషనై పదో రోజు, పొద్దున తొమ్మిదింటికి మా వీధి మొదట్లోనే ఒక గొంతు వినిపించింది. మూడేళ్లుగా వినని గొంతు. గొంతు ముందు వచ్చింది, మనిషి వెనక వచ్చింది.

"ఏమే సుజాతా! బయటికి రా! నీ నోట్ల మన్ను వడ! నీ నోటి మాట నా మగ్గానికి తలిగింది గదనే!"

పద్మ వదిన చంకలో ఒక చీర మూట ఉంది. గడప దాటుతూనే దాన్ని విప్పి పరిచింది. నెమలికంఠం రంగు చీర. నీలమంటే నీలం, పచ్చంటే పచ్చ. "సూడు! నువ్వన్నట్టే అయ్యింది. బస్సెక్కింది నా అంచు!"

ఎడమ అంచున సందు ఉంది. మిగతా చీరంతా అద్దంలా ఉంది. ఆ ఒక్కచోట, ఒక జానెడు మేర, నూలు నూలుగా, పట్టు పట్టుగా, ఒకదాన్నొకటి ముట్టకుండా పక్కపక్కన నడిచాయి. ముప్పై ఏళ్లలో మొదటిది.

"ముప్పై ఏండ్లు! నా కొడుకు పుట్టే పొద్దు గూడ నా చెయ్యి తప్పలే. నీ..." అని ఇంకా ఏదో అనబోయి ఆగింది. నేను లేచి నిలబడ్డాను. నా మెళ్లో సంచి, సంచిలో డబ్బా, డబ్బాలోకి గొట్టం. ఆమె గొట్టం వెంట కళ్లు నడిపించుకుంటూ పైకి వచ్చి, నా జాకెట్టు ఎడమ పక్క ఖాళీ దగ్గర ఆగిపోయింది.

"ఏందిది?"

చెప్పాను. ఈసారి జోకు దొర్లలేదు.

వదిన చీర మీదే కూలబడింది. "గురువారమా? పోయినదాని ముందటి గురువారమా?" అని రెండుసార్లు అడిగింది. సందు పడింది ఆ రోజే. సాయంత్రం నేసిన గుడ్డ చుట్టేటప్పుడు బయటపడిందట. ఆ పొద్దున నువ్వు ఎక్కడున్నావని అడిగాను.

"యాడుంట? మగ్గం కాడనే ఉంటి. నాకు ఇయ్యన్ని ఎవలు జెప్పిండ్రు?"

అన్నకు ఫోన్ చేశాను. ఆ రోజు అన్నకు బాగా గుర్తుంది. మా గల్లీలో రోజు విడిచి రోజు ఎనిమిదింటికి నల్లా వస్తుంది. బిందె వరుసలో మొదట ఉండేది ఎప్పుడూ వదినే. ఆ గురువారం నల్లా వచ్చినా లేవలేదట. "మూడుసార్లు పిల్చిన. ఊ అన్లే, ఆ అన్లే. చేతుల నాడె పోగుల నడుమ ఇటు అటు ఆడుతనే ఉన్నది, కండ్లు గోడ దిక్కున్నయి. నేనే బిందెలు మోసిన, నా నడుం ఇంకా నొస్తున్నది" అన్నాడు. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా అలాగే ఉందట. వదినకు అది గుర్తు లేదు. నల్లా రాలేదనుకుందట ఆ రోజు.

అంటే ఆమె గద్వాలలోనే ఉంది. మా అన్న చూశాడు, నేసిన గుడ్డ ఉంది. నాగర్‌కర్నూల్‌లో కూడా ఉంది. నేను చూశాను, ఎల్లమ్మ చూసింది. రెండూ ఎలా కుదురుతాయో నాకు అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం వదిన నాకు జాకెట్టు మార్చింది. కుట్ల గీత బయటపడింది. నేతగాళ్లకున్న అలవాటు, చెయ్యి చాచి దానికి తాకకుండా గాలిలోనే జాన పెట్టింది. జానకు ఒక వేలు తక్కువ. లేచిపోయి చీర సందు మీద జాన పెట్టింది. జానకు ఒక వేలు తక్కువ.

అన్నిటినీ పెంచే దాన్ని కాబట్టి ఈ ఒక్కదాన్ని వదిన జానకు వదిలెయ్యలేదు. కుట్లు విప్పాక టేపు తెచ్చి రెండుసార్లు కొలిచాను. మా ఆయనతో ఇంకోసారి కొలిపించాను, ఆయన దేన్నీ పెంచడు, నవ్వు కూడా. ఏడున్నర అంగుళాలు. ఇదీ ఏడున్నర, అదీ ఏడున్నర.

డాక్టరుగారికి చెబితే, ఇలాంటి కోతలన్నీ ఇంచుమించు అంతే ఉంటాయమ్మా అన్నారు. ఉండొచ్చు. మాత్ర పని చేసి ఉండొచ్చు. వదినకు ఆ పొద్దున ఏదో పరధ్యానం వచ్చి ఉండొచ్చు. జడలు రూతమ్మ సిస్టరే వేసి మరిచిపోయి ఉండొచ్చు, ఆ వార్డులో ఆమెకు ఇరవై తలలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే అన్నీ సరిపోతాయి. కలిపి చూస్తేనే ఎక్కడో మెలిక పడడం లేదు, మధ్యలోంచి వేలు దూరుతోంది.

ఆ చీరను వదిన కోసేస్తానంది, నేనివ్వలేదు. చివరికి తానే సూదితో, పోగు పోగుకూ, రెండు రోజులు కూర్చొని ఆ సందు పట్టించింది. దవాఖానకు చూపించుకోవడానికి పోయినప్పుడల్లా ఆ చీరే కట్టుకుంటున్నాను. ఎల్లమ్మ ఒకసారి కలిసింది. నా చీర దారం గుంజి చూసి "గిదే రంగు" అంది. ఆమె మెళ్లో సంచి, సంచిలో సెల్లు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. మందులకు నా జుట్టంతా రాలిపోయింది. ఆరు నెలలకు అంగుళం మేర మళ్లీ వచ్చింది. మొన్న గద్వాల పోతే వదిన నన్ను ముందు కూర్చోబెట్టుకొని, ఆ అంగుళానికే నూనె రాస్తోంది.

"ఇప్పుడు నయం. ఆ పొద్దు రెండు జడలేసేటాల్లకు ఎంత చిక్కు తీసిన్ననే నీ తలల" అంది.

నేను కదలకుండా, "ఏ పొద్దు వదినా?" అన్నాను.

నూనె చెయ్యి ఆగింది. మగ్గం కూడా ఆగి ఉంది, అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు. "ఏ పొద్దంటె... నాకేం ఎరుక? నువ్వే చెప్పినవ్ గద జడల సంగతి" అంది. ఆమె గొంతులో కూడా అడుగుతున్నట్టే ఉంది.

నేనే చెప్పి ఉండొచ్చు. నేను చెప్పని సంగతి ఈ భూమ్మీద ఏముంది? కానీ చెప్పానో లేదో ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. ఆమెకూ గుర్తు రావడం లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత వదిన నా తల ముందుకు వంచి, మిగిలిన నూనె రాసింది.